విమానానికి అల్యూమినియం: 'ఏం వదులుకున్నాం?' అని అడగండి



సైన్స్ అండ్ టెక్నాలజీ అనగానే మనలో చాలామంది అంతరిక్షం, కృత్రిమ మేధ, జన్యు సవరణ అని మూడు ఫైళ్ళు తెరుస్తాం. పదార్థ విజ్ఞానం దగ్గరికి వచ్చేసరికి గ్రాఫీన్ మీద ఒక పేజీ, నానో మీద ఒక పేజీ రాసుకుని ముగించేస్తాం. విమానాల తయారీలో స్వావలంబన గురించి ప్రశ్న వస్తే కావేరి ఇంజిన్ గురించి రాస్తాం. విమానం ఒళ్ళంతా దేనితో తయారవుతుందో మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తాం: "తేలికైన, బలమైన అల్యూమినియం మిశ్రమ లోహాలు వాడతారు."

ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ హాల్లో మీ పక్క బెంచీవాడు కూడా అదే రాస్తాడు. ఈ వ్యాసంలో మీకు ఒక ప్రశ్న ఇస్తాను. ఏ కొత్త మిశ్రమ లోహం గురించి చదివినా "ఎంత బలమైనది?" దగ్గర ఆగకండి. "ఆ బలం కోసం ఏం వదులుకున్నారు?" అని కూడా అడగండి. గత 120 ఏళ్ళ విమాన లోహాల చరిత్ర అంతా ఈ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులే. రేపు మీరు ఏ శాఖలోనైనా కూర్చుని నిధుల ఫైలు చూడాల్సి వస్తే అప్పుడు కూడా పనికొచ్చే ప్రశ్న ఇది.

సత్తు గిన్నె నుంచి విమానం దాకా

మన ఇళ్ళలో సత్తు గిన్నె అంటాం, కొన్ని ఊళ్ళలో సిల్వర్ గిన్నె అంటాం. రెండూ అల్యూమినియమే. చేత్తో ఎత్తితే తేలిక, కింద పడితే సొట్ట. అల్యూమినియం గుణం మొత్తం ఆ గిన్నెలోనే ఉంది. ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగుతుంది, అంటే ఉక్కులో మూడో వంతు. కానీ శుద్ధ అల్యూమినియం మెత్తన. దానితో విమానం రెక్క చేస్తే గాలి ఒత్తిడికే వంగిపోతుంది.

ఈ మెత్తదనానికి మందు దొరికింది జర్మనీలో. బెర్లిన్ దగ్గర న్యూబాబెల్స్‌బెర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే లోహ శాస్త్రవేత్త, ఉక్కును గట్టిపరిచినట్టే అల్యూమినియాన్నీ గట్టిపరచాలని ప్రయత్నించాడు. సుమారు 4 శాతం రాగి, కొంచెం మెగ్నీషియం కలిపాడు. బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చాడు. వెంటనే కొలిస్తే పెద్ద ఫలితం లేదు. రెండు రోజుల తర్వాత మళ్ళీ కొలిస్తే ముక్క గట్టిపడి ఉంది! ఇది 1906 నాటి మాట. 1909 నాటికి అది డ్యూరాలుమిన్ పేరుతో తయారీకి వెళ్ళింది. 1919లో ఎగిరిన యుంకర్స్ ఎఫ్ 13 ప్రయాణికుల విమానం ఒళ్ళంతా ఈ లోహమే.

అలా ఎందుకు గట్టిపడిందో విల్మ్‌కు తెలియదు. సంగతి ఇది. పాకం కాచినప్పుడు వేడిలో పంచదార అంతా కరిగి ఉంటుంది, చల్లారాక మెల్లగా గింజ కడుతుంది. ఈ లోహంలోనూ అంతే. వేడిలో కరిగిన రాగి పరమాణువులు, చల్లార్చిన తర్వాత నెమ్మదిగా గుంపులు కడతాయి. లోహం వంగాలంటే దాని లోపలి డిస్‌లొకేషన్లు అనే లోపరేఖలు కదలాలి. ఈ గుంపులు వాటి దారికి అడ్డుపడతాయి. దారి మూసుకుపోతే లోహం గట్టిపడుతుంది. దీన్నే ఏజ్ హార్డెనింగ్ అంటారు. 1919లో అమెరికా ప్రమాణాల సంస్థలో మెరికా బృందం ఈ ఊహను ముందుకు తెచ్చింది. 1938లో ఫ్రాన్స్‌లో గినియే, బ్రిటన్‌లో ప్రెస్టన్ విడివిడిగా ఎక్స్-కిరణాలతో ఆ గుంపుల జాడ పట్టుకున్నారు. వాటికి వాళ్ళ పేర్లే పెట్టి జీపీ జోన్లు అంటున్నాం. లోహం దొరికిన తర్వాత దాని రహస్యం దొరకడానికి 30 ఏళ్ళకు పైగా పట్టిందన్నమాట.

జమా ఖర్చుల పుస్తకం

ఇక మన ప్రశ్న అడుగుదాం. డ్యూరాలుమిన్ బలం ఇచ్చింది, ఏం తీసుకుంది? తుప్పుకు తట్టుకునే గుణం. శుద్ధ అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. రాగి కలిపాక ఆ రక్షణ బలహీనపడింది, ముఖ్యంగా సముద్రపు గాలిలో. 1920ల చివర్లో దీనికి ఆల్‌క్లాడ్ అనే ఉపాయం వచ్చింది: గట్టి మిశ్రమ లోహపు రేకుకు రెండు వైపులా శుద్ధ అల్యూమినియం పల్చటి తొడుగు వేయడం. తుప్పు తగ్గింది. కానీ ఆ తొడుగు బరువు మోయదు, తానే బరువు. అదొక ఖర్చు.

1931లో అమెరికాలో ఆల్కోవా సంస్థ ఇప్పుడు 2024 అని పిలిచే మిశ్రమ లోహాన్ని తెచ్చింది. దాదాపు శతాబ్దం అవుతున్నా అది ఇంకా విమానాల్లో ఉంది. 1936లో జపాన్‌లో జింకు ఎక్కువగా కలిపిన మరింత బలమైన రకం తయారై జీరో యుద్ధ విమానం రెక్కలోకి వెళ్ళింది. 1943లో ఆల్కోవా 7075 తెచ్చింది. శుద్ధ అల్యూమినియం 30, 40 మెగాపాస్కళ్ళకే సొట్ట పడితే, 7075 దాదాపు 500 దాకా తట్టుకుంటుంది.

మరి 7075 ఏం తీసుకుంది? దీన్ని 120 డిగ్రీల సెల్సియస్‌లో 24 గంటలు ఉంచితే గరిష్ఠ బలం వస్తుంది. ఆ స్థితిని టీ6 అంటారు. ఆ శిఖరం మీదే దానికి ఒక జబ్బు ఉంది. లాగుడు ఒత్తిడి, తేమ రెండూ కలిసి పనిచేస్తే, మోయాల్సిన బరువు పరిమితి లోపలే ఉన్నా, నెలలు గడిచాక లోపల పగులు పాకుతుంది. మందపాటి భాగాల్లో ఇది ఎక్కువ. దీని పేరు స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్.

దీనికి కనిపెట్టిన మొదటి మందు విచిత్రమైనది. లోహాన్ని శిఖరం దగ్గర ఆపకుండా ఇంకాస్త ఎక్కువ వేడిలో ఇంకొంత సేపు ఉంచడం, అంటే కావాలనే ఓవర్ ఏజింగ్ చేయడం. అలా వచ్చిన టీ73 స్థితిలో పగుళ్ళ జబ్బు చాలా మటుకు పోయింది. ఖర్చు 10 నుంచి 15 శాతం బలం. ఇంజినీర్లు ఆ ఖర్చు కట్టారు. తర్వాత 1970లలో బలాన్ని, పగుళ్ళను తట్టుకునే గుణాన్ని రెండింటినీ నిలబెట్టే మూడంచెల వేడి ప్రక్రియ ఇజ్రాయెల్‌లో రూపుదిద్దుకుంది. ఆ దారిలో వచ్చిన 7055 అనే లోహం బోయింగ్ 777 రెక్క పైభాగానికి చేరింది. 777 మొదటిసారి ఎగిరింది 1994లో. ఆలోచనకూ రెక్కకూ మధ్య సుమారు 20 ఏళ్ళు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి, జవాబులో పనికొస్తుంది. రెక్క పైభాగానికి, కిందిభాగానికి ఒకే లోహం వాడరు. ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది కాబట్టి పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. నొక్కుడుకు బలం ముఖ్యం, అందుకని పైన జింకు ఉన్న 7000 శ్రేణి. సాగుడులో పగులు పాకకుండా ఉండడం ముఖ్యం, అందుకని కింద రాగి ఉన్న 2000 శ్రేణి. అన్నిటికన్నా మంచి లోహం అంటూ ఏదీ లేదు. ఈ చోటికి ఏ నష్టాన్ని భరించగలం అన్నదే లెక్క.

ఈ లెక్క ప్రాణాలతో నేర్చుకున్నది కూడా. 1954లో బ్రిటన్ తయారీ కామెట్ జెట్ విమానాలు రెండు, మూడు నెలల తేడాలో, మధ్యధరా సముద్రం మీద గాల్లోనే ముక్కలయ్యాయి. ఫార్న్‌బరోలో మరో కామెట్‌ను పెద్ద నీటి తొట్టెలో పెట్టి, లోపలి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించారు. లోహం ఒక్క దెబ్బకు విరిగిపోయేంత బలహీనమైనది కాదు. ప్రతి ప్రయాణంలో ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బి, ఒత్తిడి కేంద్రీకృతమైన కిటికీ లాంటి కోత మూలల్లో అలసిపోయి చీలింది. దీన్ని ఫెటీగ్ అంటారు. అప్పటి నుంచి మిశ్రమ లోహం చేసేవాళ్ళను "ఎంత బరువుకు విరుగుతుంది?" అన్న ప్రశ్నతో పాటు "పగులు పుట్టాక ఎంత నెమ్మదిగా పాకుతుంది?" అని కూడా అడుగుతున్నారు.

లిథియం పాఠం

మన పరీక్షల్లో ఎక్కువగా కనిపించే పేరు అల్యూమినియం-లిథియం. బరువులో 1 శాతం లిథియం కలిపితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది, బిరుసుతనం సుమారు 6 శాతం పెరుగుతుంది. తేలికా అవుతుంది, బిగుసూ అవుతుంది. వినగానే ఉచితంగా వచ్చినట్టు ఉంటుంది.

కాలేదు. 1950ల చివర్లో వచ్చిన 2020 అనే రకాన్ని అమెరికా నౌకాదళపు విజిలాంటీ విమానం రెక్కల్లో వాడారు. పెళుసుదనం వల్ల దాని తయారీ ఆగిపోయింది. సోవియట్ యూనియన్‌లో ఫ్రిడ్‌ల్యాండర్ 1420 అనే రకం తెచ్చాడు. 1980లలో రెండో తరం వచ్చింది: 2090, 8090. వాటిలో లిథియం 2 శాతానికి పైనే. తేలిక బాగానే సాధించారు. కానీ ప్లేటును ఒక దిశలో లాగితే ఒక బలం, ఇంకో దిశలో లాగితే ఇంకో బలం. మందం దిశలో అయితే తేలిగ్గా చీలేది. మూడో తరంలో శాస్త్రవేత్తలు లిథియాన్ని 2 శాతం లోపుకు దించారు. అంటే కొంత తేలికను కావాలనే వదులుకున్నారు. పని జరిగింది అప్పుడే. 1998లో మొదటిసారి ఎగిరిన అమెరికా స్పేస్ షటిల్ కొత్త బయటి ట్యాంకు 2195 రకంతో చేసింది, పాతదానికన్నా దాదాపు 3,400 కిలోలు తేలిక. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ220గా పిలిచే విమానం ఫ్యూజలేజ్‌లో, అంటే ప్రయాణికులు కూర్చునే గొట్టంలో, ఉన్నది ఈ కుటుంబమే. మన తేజస్ నిర్మాణంలోనూ కార్బన్ ఫైబర్ కాంపోజిట్లు, టైటానియంతో పాటు అల్యూమినియం-లిథియం ఉంది.

ఇంత సాధించినా ఖర్చు తీరలేదు. లిథియం కలిపిన లోహం కరిగించడానికి గాలి తగలని ప్రత్యేక ఏర్పాటు కావాలి. దాని తుక్కును మామూలు అల్యూమినియం తుక్కులో కలపకూడదు. కొన్ని విమాన భాగాలను మందపాటి ప్లేటు నుంచి చెక్కితే ప్లేటు బరువులో 90 శాతం దాకా రజనుగా పోతుంది. ఆ రజనును వేరుగా ఏరి, వేరుగా కరిగించే వ్యవస్థ లేకపోతే ఖరీదు అక్కడే మునుగుతుంది.

మన దేశం లెక్క

జీఎస్-3 సిలబస్‌లో "సాంకేతికత స్వదేశీకరణ, కొత్త సాంకేతికత అభివృద్ధి" అని ఒక వరుస ఉంది కదా. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు. మన దగ్గర బాక్సైట్ ఉంది. దామన్‌జోడిలో నాల్కో శుద్ధి కర్మాగారం, అంగుల్‌లో స్మెల్టర్ ఉన్నాయి. ప్రాథమిక అల్యూమినియం ఉత్పత్తిలో చైనా తర్వాతి స్థానం మనదే. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ ఉంది, అల్యూమినియం-లిథియం మీద దశాబ్దాల పరిశోధన అక్కడ జరిగింది. ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ ట్యాంకులకు వెల్డింగ్‌కు అనువైన 2219 రకం వాడుతోంది. అయినా విమాన శ్రేణి మందపాటి ప్లేట్ల కోసం మనం చాలా వరకు దిగుమతుల మీదే ఆధారపడుతూ వచ్చాం. ఆ లోటు తీర్చడానికే 2019లో నాల్కో, మిధాని కలిసి ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్ అనే ఉమ్మడి సంస్థ పెట్టాయి. నెల్లూరు జిల్లాలో ఏడాదికి 60 వేల టన్నుల సామర్థ్యంతో ఉన్నత శ్రేణి మిశ్రమ లోహాల కర్మాగారం అప్పట్లో ఆ సంస్థ లక్ష్యం.

ఖనిజం ఉండి, స్మెల్టర్ ఉండి, ప్రయోగశాల ఉండి కూడా ప్లేటు ఎందుకు రాదు? ఎందుకంటే ప్రయోగశాలలో చేసే అరచేతి ముక్కకూ, విమానానికి వెళ్ళే ప్లేటుకూ మధ్య చాలా మెట్లున్నాయి. హైడ్రోజన్ బుడగలు లేకుండా పెద్ద దిమ్మెలు పోత పోయాలి. వెడల్పాటి రోలింగ్ మిల్లు కావాలి. వేడి ప్లేటును నీళ్ళతో చల్లార్చినప్పుడు లోపల ఒత్తిళ్ళు మిగిలిపోతాయి, వాటిని తీయడానికి ప్లేటును రెండు కొనలా పట్టుకుని 2 శాతం దాకా సాగదీసే భారీ యంత్రం కావాలి. తర్వాత ప్రతి ప్లేటుకు అల్ట్రాసానిక్ పరీక్ష.

అన్నిటికన్నా కష్టమైన మెట్టు నమ్మకం. విమాన డిజైనర్ వాడే పట్టికలో రాసే బలం అంకె సగటు కాదు. 100 ముక్కల్లో కనీసం 99 ఆ అంకెను దాటుతాయని 95 శాతం విశ్వాసంతో చెప్పగలగాలి. దాని కోసం ఒకే పోత నుంచి పరీక్షలు చేస్తే సరిపోదు. కనీసం 10 వేర్వేరు పోతల నుంచి 100 ఫలితాలు కావాలి. ఫెటీగ్, తుప్పు, పగుళ్ళ పరీక్షలు వీటికి అదనం. కొన్ని తుప్పు పరీక్షల్లో ముక్కలను సముద్రం ఒడ్డున ఏళ్ళ తరబడి వదిలేస్తారు. డబ్బు పోసి ఆ ఏళ్ళను తగ్గించలేం. మన సైనిక విమానాల విషయంలో ఈ యోగ్యతా ముద్ర వేసేది బెంగళూరులోని సెమిలాక్. 2024 లాంటి పాత లోహం ఇంకా నిలబడి ఉండడానికి కారణం కూడా ఇదే: దాని వెనుక 90 ఏళ్ళ లెక్కలున్నాయి.

ఇప్పుడు ఆ ఫైలు మీ బల్ల మీద ఉందనుకోండి. "ప్రపంచ స్థాయి బలం గల కొత్త మిశ్రమ లోహం, అయిదేళ్ళకు నిధులు" అని ఉంది. మీకు లోహశాస్త్రం రాకపోయినా అడగదగిన ప్రశ్నలున్నాయి. ఈ బలానికి ఏ గుణం తగ్గింది? ఇది ఏ భాగానికి, ఆ భాగానికి ఆ నష్టం భరించదగినదేనా? ఎన్ని పోతల ఫలితాలు ఉన్నాయి? సాగదీసే యంత్రం ఎవరి దగ్గర ఉంది? మొదటి కొనుగోలుదారు ఎవరు? మూడో ఏడాది ఫలితం రాకపోతే ఆపేస్తారా, కొనసాగిస్తారా, దేన్ని బట్టి? ఈ ప్రశ్నలు అడగని అధికారి రెండు రకాలుగా నష్టం చేయగలడు: పనికిరాని దానికి డబ్బిస్తాడు, లేదా పనికొచ్చేదాన్ని ఓపిక లేక మధ్యలో ఆపేస్తాడు. రెండోది ఏ ఆడిట్ నివేదికలోనూ కనిపించదు.

నా సొంత లెక్క

ఇదంతా నాకు ఎందుకు పట్టిందో చెప్పాలి. నేను బీటెక్‌లో మెటలర్జీ చదివాను. మూడో సంవత్సరంలో ఒక ప్రయోగం ఉండేది. 2024 ముక్కలను 190 డిగ్రీల కొలిమిలో పెట్టి, గంటకొకటి తీసి, గట్టిదనం కొలిచి గ్రాఫు గీయాలి. గీత పైకి వెళ్తుంది, ఒక చోట నిలుస్తుంది, తర్వాత దిగడం మొదలుపెడుతుంది. ముగ్గురం రాత్రంతా వంతులేసుకుని కొలిచాం. శిఖరం మీద ఉన్న ముక్కను చేత్తో పట్టుకుంటే మిగతా ముక్కలకూ దానికీ తేడా ఏమీ కనపడదు. కొలిస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు అశోక్‌నగర్ గదిలో ఉంటున్నాను, పగలు చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటాను. ఓవర్ ఏజింగ్ అనే మాటకు మా గదిలో ఎవరికీ నవ్వు రాదు. ఒకరికి వయసు పరిమితి వచ్చే ఏడాదితో అయిపోతుంది. నాకింకా అవకాశాలున్నాయి గానీ, ఇంటి దగ్గర నాన్న పొలం కౌలుకిచ్చి నాకు డబ్బు పంపుతున్నాడు. నాతో రాత్రంతా గట్టిదనం కొలిచిన ఇద్దరిలో ఒకడు రోలింగ్ మిల్లులో ఉద్యోగి, ఇంకొకడు పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా వాడి ప్లేట్ల గురించి అడుగుతాను. ఫోన్ పెట్టేశాక కాసేపు పుస్తకం ముందుకు సాగదు.

"ఆలస్యమైనా పర్వాలేదు, టీ73 లాగా మీరూ గట్టిపడతారు" అని మీకు ధైర్యం చెప్పొచ్చు. చెప్పను. లోహానికి గది అద్దె లేదు, నాన్న లేడు. నేను ఆ పుస్తకం నుంచి తీసుకున్నది ఒక్కటే: వదులుకున్నదాన్ని కూడా రాసిపెట్టుకోవడం. నోట్‌బుక్ చివరి పేజీలో ఒక గీత గీసి ఎడమ పక్కన ఈ మూడేళ్ళలో వచ్చింది రాశాను, కుడి పక్కన పోయింది రాశాను. కుడి పక్కన మొదటి వరుస ఆ ప్రయోగశాల. రెండోది నాన్న కౌలు డబ్బు. ఈ ఏడాది ఫలితం వచ్చాక ఆ పేజీ ముందు పెట్టుకుని, కొనసాగాలా, మిల్లుకు వెళ్ళాలా అన్నది నాన్నతో కూర్చుని తేలుస్తాను. మీరూ ఒక పేజీ రాసుకోండి. ఇంట్లోవాళ్ళకు చూపించేలా రాయండి.

జవాబు రాసేటప్పుడు

చివరిగా మూడు జాగ్రత్తలు. ఒకటి, "కాంపోజిట్లు వచ్చాయి, అల్యూమినియం శకం ముగిసింది" అని రాయకండి. బోయింగ్ 787 బరువులో సగం కాంపోజిట్లైనా, దాదాపు 20 శాతం ఇంకా అల్యూమినియమే. కాంపోజిట్ల ఖాతాలోనూ ఖర్చులున్నాయి: దెబ్బ తగిలితే పైకి కనపడకుండా లోపలి పొరలు విడిపోవచ్చు, పునర్వినియోగం కష్టం. రెండు, లోహాల నంబర్లు పదిహేను గుర్తుపెట్టుకోవద్దు. 2024, 7075, 2195 చాలు, ఒక్కోదానికి ఒక లాభం, ఒక నష్టం. మూడు, స్వావలంబన అన్న చోట గనితో మొదలుపెట్టి ధృవీకరణతో ముగించండి. మధ్యలో మెట్లు ఎన్ని రాస్తే జవాబుకు అంత బరువు.

సాధన ప్రశ్న: "ఖనిజ సంపద ఉన్నంత మాత్రాన పదార్థ స్వావలంబన రాదు." విమానయాన అల్యూమినియం మిశ్రమ లోహాలను ఉదాహరణగా తీసుకుని చర్చించండి. 15 మార్కులు, 250 పదాలు.

గడియారం పెట్టుకుని రాయండి. రాశాక ఎర్ర పెన్ను తీసుకుని "బలమైన", "తేలికైన" అన్న మాటలు ఎక్కడున్నాయో చూడండి. వాటి పక్కన నష్టం కూడా రాసి ఉంటే ఆ జవాబు పదిలంగా దాచుకోండి.